ఎనిమిదికి ముందున్న ఆరు

నీళ్ళలో మునిగినప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసుకున్నది అమెరికాలోని ట్రాయ్‌లో, మా ఇంటికి దగ్గరున్న కమ్యూనిటీ సెంటర్ ఈతకొలను పక్కన, తడి బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని. బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. కళ్ళద్దాల వెనక కళ్ళు ఇంతలేసి ఉన్నాయి. చేతులు మాత్రం నావేనా అన్నంత చక్కగా నీటిని వెనక్కి తోస్తున్నాయి. నలభై దాటాక ఈత క్లాసులో చేరిన నేను ఆ రోజే మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మధ్యలో ఆగకుండా, కొలను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదాను. మా అమ్మాయి ఆ పక్కనే నీళ్ళలో మునిగి దాన్నంతా నా ఫోన్‌లో వీడియో తీసింది.

"మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు" అని నేనే చిన్నపిల్లలా అడిగాను. మా క్లాసులో ఉన్న ఇద్దరు పెద్దావిడలు కూడా తొంగి చూసి చప్పట్లు కొట్టారు. నాకైతే గాల్లో తేలిపోతున్నట్టు ఉంది.

ఆ ఫోన్ నీళ్ళలోకి వెళ్ళడం వెనక చిన్న గొడవ నడిచింది. అమ్మాయికి పదమూడేళ్ళు. గంట ముందు నుంచీ వెంటపడుతోంది.

"అమ్మా, ఫోన్ ఇవ్వు. అండర్‌వాటర్ వీడియో తీస్తా."

"వద్దు. ఇవి క్లోరిన్ కలిపిన నీళ్ళు."

"సో వాట్? అది వాటర్‌ప్రూఫ్ కదా!"

"వాటర్‌ప్రూఫ్ కాదు. వాటర్ రెసిస్టెంట్. రెండూ వేరు."

"అమ్మా, యాడ్‌లో వాళ్ళు దాన్ని పూల్‌లో త్రో చేస్తారు. లిటరల్లీ త్రో చేస్తారు."

నాకు ఆ తేడా తెలియక కాదు. తెలియడమే నా ఉద్యోగం. కార్ల ముందు దీపాలు తయారు చేసే కంపెనీలో పని చేస్తాను. దీపం చుట్టూ ఉండే జిగురు, రబ్బరు, గాలి పోయే సన్నటి రంధ్రాలు, ఇవన్నీ నా చేతి కిందవి. నా పనేమిటని ఎవరైనా అడిగితే మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "లైట్లలోకి నీళ్ళు పోకుండా చూస్తుంది." అంతే మరి. వానలో, మంచులో, కార్ వాష్‌లో, ఎక్కడ తిరిగినా ఆ గాజు వెనక చుక్క నీరు చేరకూడదు. చేరితే ఆ దీపం మాకే తిరిగొస్తుంది. తప్పు మాదా, వాడినవాళ్ళదా అని తేల్చే ముగ్గురిలో నేనొకతెను.

అందుకే ఫోన్ కొన్నప్పుడే అందరికీ పాఠం చెప్పాను. ఆ పరీక్షలు చేసేది మంచినీళ్ళలో, కదలని నీళ్ళలో, అప్పుడే తయారైన కొత్త ఫోన్‌తో అని. జేబులో తిరిగి, కిందపడి, ఎండలో కారులో మగ్గిన ఫోన్‌కి ఆ మాట అలాగే వర్తిస్తుందని ఎవరూ రాసివ్వలేదని. ఇంట్లో నేను ఈ మాటలు మొదలుపెడితే తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు.

అన్నీ తెలిసి కూడా ఆ రోజు ఫోన్ ఇచ్చాను. కారణం ఒకటే. నాకూ చూసుకోవాలని ఉంది.

*

ఇంటికి వెళ్తుండగా కారులో అమ్మాయి పక్క సీట్లో కూర్చుని వీడియోని పదోసారో పన్నెండోసారో చూస్తోంది. ఉన్నట్టుండి "అమ్మా, వాల్యూమ్ వియర్డ్‌గా ఉంది" అంది. నిజమే. నీళ్ళ చప్పుడు గొంతులో గుడ్డ కుక్కినట్టు వినిపిస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ తీసుకుని వెనక్కి తిప్పి చూశాను.

కెమెరా అద్దం లోపల మసక పట్టింది. బయట కాదు, లోపల. వేలితో తుడిచినా పోలేదు. అద్దం అంచున మొదలై మధ్యలోకి పాకుతున్న, పాలు కలిపినట్టున్న ఆ తెల్లటి పొరని నేను పదిహేనేళ్ళుగా రోజూ చూస్తున్నాను. కారు దీపం తడిసి తిరిగొస్తే అచ్చం ఇలాగే ఉంటుంది.

"ఫాగ్!" అన్నాను గట్టిగా. "లోపల ఫాగ్ పట్టింది చూడు! కారులో ఏసీకి గాజు చల్లబడింది, లోపల ఫోన్ వేడిగా ఉంది, ఆ తేమంతా వచ్చి ఇక్కడ..."

"అమ్మా! నీ ఫోన్ చచ్చిపోతోంది, నువ్వు ఎక్సైట్ అవుతున్నావా?"

వెనక కారువాడు హారన్ కొట్టాడు. గ్రీన్ పడింది. పక్కనే ఉన్న గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పి ఆపాను. ఏం చెయ్యాలో నాకు స్పష్టంగా తెలుసు. వెంటనే ఆఫ్ చెయ్యాలి. నీళ్ళకంటే నీళ్ళలో పారే కరెంటు ఎక్కువ చెరుపు చేస్తుంది. కానీ ఆఫ్ చేస్తే మళ్ళీ ఆన్ అవుతుందో లేదో. వీడియో ఇంకా ఎవరికీ పంపలేదు, వైఫై లేదు కాబట్టి ఇంకెక్కడా భద్రపడనూ లేదు.

"పంపు, అమ్మా! డాడీకి పంపు, క్విక్!"

పంపాను. పెద్ద వీడియో. నీలం గీత సగం దాకా పాకింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. ఇంకొంచెం కదిలింది. తెర మీద ఆకుపచ్చ చారలు రెండు మెరిశాయి. తరవాత అంతా నల్లబడింది. బటన్ నొక్కితే పలకలేదు. వీడియో వెళ్ళనే లేదు.

అమ్మాయి ఆ బటన్‌ని మళ్ళీ మళ్ళీ నొక్కింది. "నేను అడగకుండా ఉండాల్సింది" అంది. నేను దాని తడి తల మీద చెయ్యి వేసి, "ఇచ్చింది నేను. పైగా నాకు భలే నచ్చింది" అన్నాను. నిజమే చెప్పాను.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన సోనా మసూరి బస్తా మూతి విప్పి సిద్ధంగా ఉన్నాడు. అమ్మాయి కారులోంచే తన ఫోన్‌లో కబురు చెప్పేసింది.

"ఇందులో పాతిపెడదాం. రేపటికి బాగవుతుంది."

"బియ్యం తేమని లాగదు. పిండి మాత్రం లోపలికి పోతుంది."

"అందరూ చేస్తారుగా."

"అందరూ చేస్తారు కాబట్టే సర్వీస్ సెంటర్ల వాళ్ళు ఫోన్ల సందుల్లోంచి బియ్యం గింజలు తీస్తూ కూర్చుంటారు."

ఆయన బస్తా మూతి కట్టేసి, "సరే ఇంజనీరమ్మా. వారంటీ ఉందిగా, తీసుకెళ్ళు" అన్నాడు. కొని ఏడాది నిండలేదు. వారంటీ ఉంది.

*

ఫోన్ కంపెనీ షాపు సర్వీస్ కౌంటర్‌లో ఉన్న యువకుడు మర్యాదస్తుడు. ఏమైందని అడిగాడు. కొలనులో వీడియో తీశామని దాచకుండా చెప్పాను. సిమ్ పెట్టే ట్రే బయటికి లాగి, ఆ సందులోకి చిన్న లైటు వేసి, నన్నూ వంగి చూడమన్నాడు. లోపల అగ్గిపుల్ల తలంత స్టిక్కర్ ఒకటి ఎర్రగా మెరుస్తోంది.

"ఇది తెల్లగా ఉండాలి మేడమ్. నీళ్ళు తగిలితే ఎర్రగా మారుతుంది. లిక్విడ్ డ్యామేజ్‌కి వారంటీ వర్తించదు."

"నీళ్ళని తట్టుకుంటుందని మీ ప్రకటనలోనే ఉంది కదా."

"తట్టుకుంటుంది. కానీ ఆ గుణం శాశ్వతం కాదు, వాడుతున్న కొద్దీ తగ్గుతుంది. అది కూడా రాసే ఉంది." కౌంటర్ మీదున్న ట్యాబ్లెట్‌ని నావైపు తిప్పి ఆ వాక్యం చూపించాడు. చిన్న అక్షరాల్లో ఉంది.

నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. అలాంటి వాక్యాలు రాసే బల్ల దగ్గర నేనూ కూర్చున్నదాన్నే. 'దీపం లోపల కొద్దిపాటి చెమ్మ సహజం, కాసేపు వెలిగిస్తే పోతుంది' అనే మా వాక్యంలో 'కొద్దిపాటి' అన్న మాట కోసం ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. ఈ వాక్యం వెనక కూడా నాలాంటి మనిషి ఒకరు ఉండి ఉంటారు.

"సరే. నీళ్ళు వెళ్ళాయని ఒప్పుకుంటాను. ఎలా వెళ్ళాయి?" అని అడిగాను.

"అది మేము చూడం. వెళ్ళాయా లేదా అన్నదే చూస్తాం."

"అసలు చూడాల్సింది అదే కదా! గాజు పగిలి వెళ్తే తప్పు నాది. మీ జిగురు ఊడి వెళ్తే తప్పు మీది. స్టిక్కర్ రెండు సార్లూ ఒకే ఎరుపు చూపిస్తుంది."

ఆ అబ్బాయి నా వైపు కొంచెం జాలిగా చూశాడు. "నాకు అర్థమైంది మేడమ్. కానీ నా స్క్రీన్ మీద ఎరుపా తెలుపా అనే రెండు బటన్లే ఉన్నాయి."

అతన్ని ఇంకా ఇబ్బంది పెట్టడం బాగోదనిపించింది. ఫోన్ తీసుకుని బయటికొచ్చాను. కానీ పార్కింగ్‌లో కారు దాకా నడిచేలోపే బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. ఎలా వెళ్ళాయి? మేమున్నది మోకాలి లోతు నుంచి ఛాతీ లోతు నీళ్ళలో. ఫోన్ పట్టుమని ఐదు నిమిషాలు కూడా మునగలేదు. ఎప్పుడూ కింద పడలేదు. అంచుల మీద ఒక్క గీత లేదు. క్లోరిన్ నీళ్ళు మంచివి కావు, నిజమే. అయినా అంత తొందరగా కాదు.

బొటనవేలి గోటిని ఫోన్ అంచు వెంబడి నడిపించాను. కారు దీపం చేతికి వస్తే మొదట నేను చేసే పని అదే. కుడి అంచున గోరు జారిపోయింది. పైన జారిపోయింది. ఎడమ అంచు మధ్యలో టిక్కుమని తగులుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని వారాలుగా ఆ పక్కన స్క్రీన్ గార్డ్ నిలవడం లేదు. అతికించిన మర్నాటికే లేచిపోయేది. చవక సరుకు తెచ్చావని మా ఆయనని విసుక్కుని మరొకటి తెప్పించాను. అదీ లేచింది. గార్డ్‌ది కాదన్నమాట తప్పు. దాని కింద ఫోనే లేస్తోంది!

*

మా ల్యాబ్‌లో లీకేజీ పరీక్షలు చూసే అబ్బాయి ఒకడున్నాడు. అబ్బాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తండ్రి. వరంగల్ వైపు నుంచి వచ్చాడు. మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తాడు. లంచ్‌లో ఫోన్ చూపించి కథంతా చెప్పాను.

"ఏందక్కా, రోజూ కార్ల లైట్లు చూసుడు సాల్లేదా నీకు?" అంటూనే ఫోన్ అందుకున్నాడు. ల్యాబ్ మేనేజర్‌ని అడిగితే, విప్పకుండా పైపైన చూసుకునేట్టయితే అభ్యంతరం లేదన్నాడు.

మా దగ్గర ఒక నల్ల గ్రానైట్ బల్ల ఉంది. అద్దంలా చదునుగా ఉంటుంది. వంకర ఉందా లేదా తేల్చాల్సిన ప్రతి వస్తువునీ దాని మీదే పెడతాం. ఫోన్‌ని దాని మీద బోర్లా పెట్టి ఒక మూల వేలితో తాకాడు. ఊయల ఊగినట్టు ఊగింది.

అతని ముఖంలో నవ్వు పోయింది. "ఆగు. ముట్టకు. ఇది ఉబ్బింది అక్కా. లోపల బ్యాటరీ ఉబ్బింది."

వెంటనే వెళ్ళి ఇసుక నింపిన రేకు డబ్బా ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. ఉబ్బిన బ్యాటరీతో ఆటలు పనికిరావు. ఏదైనా గుచ్చుకుంటే మంటలు లేస్తాయి. గ్లౌజులు తొడుక్కున్నాం, కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాం. నాకు భయం సగం, సంబరం సగం.

నేను అన్నాను: "బ్యాటరీ ఉబ్బి గాజుని లోపల్నుంచి పైకి తోసింది. జిగురు ఊడింది. సందు వచ్చింది. నీళ్ళు వెళ్ళాయి. అంతే!"

"అంతే గానీ, వాళ్ళు ఏమంటరో తెల్సా? నీళ్ళు పోయినయ్, అందుకే బ్యాటరీ ఉబ్బింది అంటరు. ఏది ముందు, ఏది ఎనక? నువ్వెట్ల చెప్తవ్?"

అతనన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. స్క్రీన్ గార్డ్ కథ నా నోటి మాట. ఎవరు నమ్ముతారు?

సందుని మైక్రోస్కోప్ కింద పెట్టాం. తెర మీద అది లోయలా కనిపించింది. ఇటు లోహం, అటు గాజు, మధ్యలో తెగిన జిగురు పోగులు. వాటికి నీలంగా ఏదో చుట్టుకుని ఉంది. నా జీన్స్ ప్యాంటు జేబులో నూలు! ఇంకా లోపల, జిగురు అవతలి అంచు దాకా, సన్నటి పొడి పేరుకుని ఉంది. దుమ్ములా ఉంది కానీ రంగు కొంచెం వేరు.

"ఇదేందక్కా పచ్చగ?"

నేను కళ్ళు చికిలించి చూశాను. పచ్చగా ఉంది. పసుప్పచ్చగా. నేను వంట చేసేటప్పుడు ఫోన్ ఎక్కడ పెడతాను? పొయ్యి పక్కన, పోపుల డబ్బాకి ఆనించి.

"పసుపు" అన్నాను. "పసుపే! ఆ యూవీ టార్చి ఇలా ఇవ్వు."

మా దీపాల జిగురు అన్నిచోట్లా సమానంగా పడిందో లేదో చూడటానికి ఆ టార్చి వాడతాం. కంటికి కనిపించని కాంతి అది. కొన్ని వస్తువుల మీద పడితే అవి వాటంతటవే వెలుగుతాయి. పసుపు అలాంటిదే. చదువుకున్న రోజుల్లో ఎప్పుడో విన్నాను గానీ కళ్ళారా చూడలేదు.

అతను ల్యాబ్ లైట్లు తగ్గించాడు. నేను టార్చి నొక్కాను.

సందు పొడవునా ఒక గీత భగ్గుమని వెలిగింది. లేత ఆకుపచ్చ కలిసిన పసుపు. దీపావళి నాటి కాకరపువ్వొత్తి తొలి రవ్వల్లా చుక్కలు చుక్కలుగా, జిగురు మీద అతుక్కుని, తెగిన చోటల్లా, లోపలి అంచు దాకా.

ఇద్దరం ఒకేసారి అరిచాం. పక్క గదిలోంచి ఎవరో తలుపు తీసి ఏమైందని అడిగారు. "ఏం లే, ఏం లే, పసుపు!" అన్నాడు మావాడు తెలుగులోనే. ఆ అమెరికన్ ముఖం చూడాలి.

"అక్కా, మస్తు దొరికింది! పూల్‌ల పసుపు ఉండదు గద! ఒక్క దినంల గింత లోపలికి పోదు గద! అంటే సందు ముందే ఉన్నది. వారాల కొద్దీ ఉన్నది."

"అదే! అదే! అంటే ఉబ్బడం ముందు, నీళ్ళు తరవాత!"

ఫొటోలు తీశాం, మామూలు వెలుగులో కొన్ని, టార్చి వెలుగులో కొన్ని. ఫోన్‌ని ఇసుక డబ్బాలో పెట్టి మూత పెట్టాడు. నాకు ఆ మధ్యాహ్నం కాలు నేల మీద నిలవలేదు.

*

ఆ వారాంతం అమ్మాయిని తీసుకుని మళ్ళీ అదే షాపుకి వెళ్ళాను. ఇసుక డబ్బాని అమ్మాయి ఒడిలో పెట్టుకోనివ్వకుండా వెనక ట్రంక్‌లో పెట్టాను. ఈసారి సూపర్‌వైజర్‌తో మాట్లాడాలని అడిగాను. నా వయసే ఉన్న నల్లజాతి మహిళ వచ్చింది. నా చేతిలో ఉన్న ఇసుక డబ్బాని, అది ఒకప్పుడు బిస్కెట్లది, చూసి "మా కోసమా?" అని నవ్వింది.

"లోపల ఉబ్బిన బ్యాటరీ ఉంది" అన్నాను.

నవ్వు ఆపేసింది. ఒక్క క్షణం వృథా చెయ్యకుండా డబ్బాని వెనక గదిలోకి తీసుకెళ్ళి పెట్టించి, తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. అక్కడే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

"రికార్డులో లిక్విడ్ డ్యామేజ్ అని ఉంది" అంది తెర చూస్తూ.

"ఉంటుంది. నీళ్ళకి వారంటీ లేదని నాకు చెప్పారు, నేను ఒప్పుకున్నాను. ఇవాళ నేను నీళ్ళ గురించి రాలేదు. ధూళి గురించి వచ్చాను."

"ధూళా?"

"ఈ ఫోన్ పెట్టె మీద ఐపీ అరవై ఎనిమిది అని రాశారు. అందరూ దాన్ని ఒకటే అంకెలా చదువుతారు. అవి రెండు. చివరున్న ఎనిమిది నీటి సంగతి చెబుతుంది. దాని ముందున్న ఆరు ధూళి సంగతి చెబుతుంది. ఆరు అంటే ధూళి లోపలికి అసలు పోకూడదు. అంతకంటే పెద్ద అంకె ధూళికి లేదు." ల్యాప్‌టాప్ తెరిచి మొదటి ఫొటో పెట్టాను. "ఇది నా ప్యాంటు జేబులో నూలు." రెండోది పెట్టాను. నల్లటి చీకట్లో వెలుగుతున్న గీత. "ఇది మా వంటింటి పసుపు."

"టర్మరిక్," అంది అమ్మాయి పక్కనుంచి. "షి పుట్స్ ఇట్ ఇన్ ఎవ్రీథింగ్."

సూపర్‌వైజర్ ఫకాలున నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని ఫొటోని దగ్గరగా చూసింది.

"వాడుకలో సీల్ అరుగుతుంది. ఆ మాట మేము ముందే చెబుతాం."

"అరగడం నాకు తెలుసు, నేను చేసేది ఆ పనే. అరగడం వేరు, లోపల్నుంచి బ్యాటరీ తోస్తే ఊడిపోవడం వేరు. ఫోన్ అంచులు చూడండి, కింద పడ్డ గుర్తు ఒక్కటి లేదు. పసుపు అంత లోపలికి పోవాలంటే సందు వారాల ముందే ఉండాలి. నీళ్ళు తగిలింది ఒక్క రోజు. మీ స్టిక్కర్ అబద్ధం చెప్పడం లేదు. సగం చెబుతోంది, అంతే."

ఆవిడ తెర మీద ఇంకో ఫారం తెరిచింది. "ఏడాది లోపు బ్యాటరీ ఉబ్బితే అది భద్రతకి సంబంధించిన విషయం. పరీక్షకి పంపే అధికారం నాకుంది. ఫలితం మాత్రం నా చేతిలో లేదు. ఇంకో సంగతి. పంపిన ఫోన్ తిరిగి రాదు. అందులో ఏదైనా ఉంటే, పోయినట్టే."

నేను దాని గురించి ఆలోచించనే లేదు! వీడియో. తడిసిన ఫోన్ల నుంచి ఫొటోలు బయటికి తీసే షాపులుంటాయి. వాళ్ళకిస్తే దొరకొచ్చు. కానీ వాళ్ళు ఫోన్ విప్పుతారు. విప్పిన ఫోన్‌ని వీళ్ళు ముట్టరు. జిగురు, పసుపు, సందు, అన్నీ పోతాయి.

అమ్మాయి వైపు తిరిగి తెలుగులో అడిగాను. "ఏం చేద్దాం? వీడియో నువ్వు తీసింది. నువ్వు చెప్పు."

అది ల్యాప్‌టాప్‌లో వెలుగుతున్న గీత వైపు చూసింది. "ఇచ్చెయ్, అమ్మా."

"నిజంగా?"

"నువ్వు ఈదడం నేను చూశా కదా. రియల్‌గా. పక్కనే ఉన్నా." తరవాత కళ్ళు మెరిపిస్తూ అంది: "నాకు ఆన్సర్ కావాలి. పసుపు విన్ అవుతుందా లేదా."

సంతకం పెట్టేశాను. కొలనులో నా పూరీ బుగ్గల వీడియో ఆ రోజుతో పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే కొంచెం చివుక్కుమంటుంది. కానీ ఆ క్షణంలో తల్లీ కూతుళ్ళిద్దరం పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్లా ఉన్నాం. కారులో అది ఆగకుండా ప్రశ్నలు వేసింది. ఆరు కంటే ముందు ఐదు అంటే ఏమిటి? నీళ్ళకి తొమ్మిది ఉంటుందా? దీపంలోకి నీళ్ళు వెళ్ళాయని ఎలా తెలుస్తుంది? పదమూడేళ్ళలో నా పని గురించి అది ఇన్ని మాటలు అడగడం అదే మొదటిసారి.

*

ఫోన్ కంపెనీ వాళ్ళు మా ఆఫీసు నంబరుకి కాల్ చేశారు. పరీక్ష పూర్తయిందనీ, కొత్త ఫోన్ పంపుతున్నామనీ అవతలి గొంతు చెప్పింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చెయ్యి ఊపితే గాజు గోడ అవతల ల్యాబ్‌లోంచి మావాడు చూసి రెండు చేతులూ పైకెత్తాడు.

"బ్యాటరీలో లోపం ఉందని తేలిందా?" అని అడిగాను.

"మీ విషయంలో ప్రత్యేక మినహాయింపు ఇచ్చాం."

"లోపం ఉందా, లేదా?"

"మినహాయింపు అని రికార్డు చేశాం మేడమ్."

"లోపం అన్న మాట వాడరా మీరు?"

గొంతు తగ్గించి, "ఆ మాట నేను వాడకూడదు" అంది అవతలి అమ్మాయి. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. మా కంపెనీలో అయితే, తప్పు ఒప్పుకోకుండా కొత్తది ఇచ్చేటప్పుడు, 'సద్భావంతో ఇచ్చాం' అంటాం. ఒక్కొక్కరిది ఒక్కో మాట. నియమం ఎక్కడిదక్కడే ఉంది: నీళ్ళు వెళ్తే వారంటీ లేదు. నాకు పసుపు కలిసొచ్చింది, యూవీ టార్చి ఉన్న చోట ఉద్యోగం కలిసొచ్చింది. అవి లేనివాళ్ళు ఎరుపు చూసి ఇంటికి వెళ్ళిపోతారు. ఆ ఆలోచన నన్ను ఆ సాయంత్రం కాసేపు ఇబ్బంది పెట్టింది. తరవాతి వారం, మాకు తిరిగొచ్చిన దీపాలు చూసే మీటింగ్‌లో, చెమ్మ ఎక్కడుందో మాత్రమే కాక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ప్రతి దీపానికీ చూద్దామని నేను పట్టుబట్టాను. పని పెరుగుతుందని గొణిగారు. చివరికి ఒప్పుకున్నారు.

ఇంట్లో మా ఆయన కొత్త ఫోన్ పెట్టె విప్పుతూ, "పసుపుతో వారంటీ గెలిచిన మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావ్" అన్నాడు. పప్పులో ఆ రోజు కొంచెం ఎక్కువే వేశాను.

అసలైన సంబరం మాత్రం ఆ తరవాత వచ్చింది. పిల్లల్ని ఆఫీసుకి తీసుకురాగలిగిన రోజు ఒకటి మా కంపెనీలో ఉంటుంది. ఏటా రమ్మంటే "బోరింగ్" అనే మా అమ్మాయి ఈసారి తనే అడిగి వచ్చింది. పెద్ద సేఫ్టీ అద్దాలు ముక్కు మీదికి జారిపోతుంటే తోసుకుంటూ ల్యాబ్ అంతా తిరిగింది. నలువైపుల నుంచీ నీళ్ళు చిమ్మే వాన గది ముందు నిలబడి తలుపు గాజుకి ముఖం ఆనించింది. తరవాత మావాడు ఒక దీపాన్ని తొట్టిలో ముంచి, లోపలికి గాలి పంపే గొట్టం తగిలించాడు.

"ఇగ చూడు బిడ్డా. ఎక్కడ కారితే అక్కడ నుంచి బుడగొస్తది. అందరికన్న ముందు ఎవరు చూస్తరో చూద్దాం."

ముగ్గురం తొట్టి మీదికి వంగాం. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. నేను పదిహేనేళ్ళ అలవాటుతో కింది మూల వైపు చూస్తున్నాను, సాధారణంగా జిగురు అక్కడే పలచబడుతుంది. మావాడు పై అంచు చూస్తున్నాడు.

"దేర్!" అని అరిచింది అమ్మాయి. "అమ్మా, అక్కడ! అంకుల్, అక్కడ, అక్కడ!"

మేమిద్దరం చూడని చోట, దీపాన్ని కారుకి బిగించే బ్రాకెట్ వెనక, ఆవగింజంత బుడగ ఒకటి లోహానికి అంటుకుని వణుకుతోంది. వదిలేసి పైకి లేచింది. దాని వెనకే ఇంకొకటి పుట్టింది.

మావాడు నోరు వెళ్ళబెట్టి, అమ్మాయి చేతికి నీళ్ళలోనూ రాసే మార్కర్ ఇచ్చాడు. అది మోచేయి దాకా చొక్కా తడుపుకుంటూ నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ చోటు చుట్టూ వంకరటింకర సున్నా చుట్టింది. చెయ్యి తీస్తూనే అతని వైపు తిరిగి, "ఇంకో లైట్ పెట్టండి అంకుల్" అంది.

ఆ పూట ల్యాబ్‌లో ఉన్న దీపాలన్నీ అయ్యేదాకా అది కదలలేదు.